కమాన్ ఎందుకు కుంగుతుంది?

చాదర్‌ఘాట్ దగ్గర కాలిబాట మీద ఒక పావుగంట నిలబడి చూడండి. ఇమ్లిబన్ బస్టాండు వైపు నుంచీ కోఠీ వైపు నుంచీ వచ్చే బండ్లు మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా విజయవాడ రోడ్డు పడుతుంటాయి. మామూలుగా మనం బండి ముందు భాగం చూస్తాం. ఈసారి వెనక భాగం చూడండి.

అదిగో, ఒక పాత సుమో! లోపల పది మంది, పైన మూటలు. ముక్కు పైకెత్తి, వెనక భాగం నేలకు రాసుకుంటుందేమో అన్నట్టు పోతోంది. "బరువెక్కువైంది, అందుకే కుంగింది" అంటారు మీరు. నిజమే. కాని దాని వెనకే మరో పాత సుమో వచ్చింది. అందులో డ్రైవరు తప్ప ఎవరూ లేరు. అయినా అదీ అలాగే కుంగి ఉంది! దీనికేం జవాబు చెబుతారు? రెండు బండ్లూ ఒకేలా కుంగాయి కదా, రెండింటి జబ్బూ ఒకటేనా?

ఇది ఊరికే వేసిన ప్రశ్న కాదు. ఆ ఖాళీ సుమో మీ మేనమామది అనుకుందాం. ఎల్లుండి తెల్లవారుజామున పెళ్ళివారిని ఎక్కించుకుని సూర్యాపేట వెళ్ళాలి. బండి కుంగిన సంగతి చూసి తలా ఒక సలహా చెప్పారు. ఒకాయన షాక్ అబ్జార్బర్లు మార్చమన్నాడు. ఇంకొకాయన కమాన్‌లో ఒక పట్టీ ఎక్కువ వేయించమన్నాడు. మూడో ఆయన కమాన్లు దింపి కొత్తగా వంపు తీయించమన్నాడు. నాలుగో ఆయన "ఇన్నాళ్ళూ తిరిగిందిగా, ఇంకో ట్రిప్పుకి ఏమవుతుంది?" అన్నాడు. మామయ్య ఎవరి మాట వినాలి?

ఎవరి మాటా కాదు. ముందు కొలబద్ద మాట వినాలి. అది ఎలాగో చూద్దాం.

కమాన్ అంటే విల్లు

చార్మినార్ దగ్గర నాలుగు పెద్ద తోరణాలున్నాయి. ఆ చోటును చార్ కమాన్ అంటారు. పారశీక భాషలో కమాన్ అంటే విల్లు. విల్లులా వంగి ఉంటుంది కాబట్టి తోరణానికి ఆ పేరు వచ్చింది. బండి కింద ఉండే ఉక్కు పట్టీల కట్టకూ అదే పేరు. అయితే రెండింటికీ ఒక తేడా ఉంది. రాతి కమాన్ బరువును మోస్తుంది, కాని వంగదు. ఉక్కు కమాన్ వంగుతూ మోస్తుంది.

ఎడ్లబండికి కమాన్ లేదు. చక్రం రాయెక్కితే ఆ కుదుపంతా మన వెన్నెముకకే. జట్కాకు కమాన్ ఉంటుంది, అందుకే అందులో ప్రయాణం కొంత నయం. ఇంగ్లండులో ఒబదయా ఎలియట్ అనే ఆయన 1804లో గుర్రపు బండ్లకు ఇలాంటి ఉక్కు పట్టీల స్ప్రింగులు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే హైదరాబాదులో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు, ఆ బస్సుల బరువునూ కమాన్లే మోశాయి. 1994లో వచ్చిన టాటా సుమోకు ఆ పేరు సుమంత్ మూల్గావ్‌కర్ అనే ఇంజనీరు పేరులోని మొదటి అక్షరాల నుంచి వచ్చింది. దాని తయారీ 2019లో ఆగిపోయింది. ఆ సుమోకూ, ఇప్పటి బొలేరోకూ వెనక పక్క ఉన్నది కమానే.

వీలైతే ఆగి ఉన్న బండి పక్కన వంగి చూడండి. కిందికి దూరవద్దు! అన్నిటికంటే పొడవైన పట్టీకి రెండు కొసలా గుండ్రంగా చుట్టిన కన్నులుంటాయి. ఒక కన్ను బండి ఛాసిస్‌కు నేరుగా బిగించి ఉంటుంది. రెండో కన్ను షాకిల్ అనే చిన్న ఊగే ముక్కకు తగిలించి ఉంటుంది. ఎందుకంటే, వంగిన పట్టీ చదును అయినకొద్దీ రెండు కొసల మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటివ్వడమే షాకిల్ పని. పొడవైన పట్టీ కింద అంతకంతకూ పొట్టివైన పట్టీలు పేర్చి ఉంటాయి. మధ్యలో ఒక బోల్టు వాటన్నిటినీ కలిపి ఉంచుతుంది. రెండు యూ బోల్టులు ఈ కట్టను ఇరుసుకు బిగిస్తాయి.

పుస్తకం చెప్పే రహస్యం

ఇన్ని పట్టీలెందుకు? ఒకే మందపాటి పట్టీ వేస్తే పోదా?

మీ లెక్కల పుస్తకం చేతిలోకి తీసుకుని వంచండి. సులువుగా వంగుతుంది. వంగేటప్పుడు కాగితాల అంచులు ఒకదాని మీద ఒకటి జారడం గమనించండి. ఆ కాగితాలన్నిటినీ జిగురుతో అంటించేశారనుకోండి. పుస్తకం చెక్కలా బిగుసుకుపోతుంది, బలవంతాన వంచితే విరుగుతుంది.

ఉక్కు పట్టీ కూడా అంతే. పట్టీ మందం రెండింతలైతే దాని బిగువు రెండింతలు కాదు, 2 × 2 × 2 = 8 రెట్లవుతుంది. అదే మందం ఉన్న రెండు పట్టీలను అంటించకుండా ఒకదాని మీద ఒకటి పెడితే బిగువు 2 రెట్లే అవుతుంది. పైగా పలచని పట్టీ ఎక్కువ వంగినా దాని పైతలం మీద పడే లాగుడు తక్కువ. కాబట్టి బరువూ మోయాలి, బాగా వంగనూ వంగాలి, విరగనూ కూడదు అంటే పలచని పట్టీలు చాలా ఉండాలి. వంచే బలం కట్ట మధ్యలో ఎక్కువ, కొసల దగ్గర తక్కువ. అందుకే మధ్యలో పట్టీలన్నీ ఉంటాయి, కొసలకు పోయినకొద్దీ తగ్గుతాయి.

హుక్ దాచిన మాట

1676లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ తాను కనిపెట్టిన ఒక నియమాన్ని అక్షరాలన్నీ కలగాపులగం చేసి అచ్చు వేశాడు. ఇంకెవరైనా అదే కనిపెడితే "ముందు నాకే తెలుసు" అని చెప్పుకోవడానికి అప్పట్లో అదొక ఉపాయం. 1678లో స్ప్రింగులపై రాసిన పుస్తకంలో గుట్టు విప్పాడు. స్ప్రింగు ఎంత సాగిందో, దాని బలం అంత అన్నదే ఆ మాట. దీన్నే మనం హుక్ నియమం అంటున్నాం.

మామయ్య బండికి దీన్ని వర్తింపజేద్దాం. లెక్క సులువుగా ఉండడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఒక్కో వెనక కమాన్‌లో 6 పట్టీలున్నాయి. 30 కిలోల బరువు పెడితే కమాన్ 1 సెం.మీ. దిగుతుంది. ఖాళీ బండి బరువులో ఒక్కో వెనక కమాన్ మీద 300 కిలోలు పడుతుంది. అంటే ఖాళీగా ఉన్నప్పుడే కమాన్ 10 సెం.మీ. దిగి ఉంటుంది. తలా 60 కిలోల మనుషులు నలుగురు వెనక కూర్చుంటే 240 కిలోలు. పక్కకు 120 కిలోలు. కమాన్ ఇంకో 4 సెం.మీ. దిగుతుంది. వాళ్ళు దిగిపోగానే మళ్ళీ 4 సెం.మీ. లేస్తుంది. మనం చూసిన మొదటి సుమో సంగతి ఇదే అయితే, ఆ బండికి జబ్బేమీ లేదు. మూటలు దించడమే దానికి మందు.

ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. దారానికి రాయి కట్టి లోలకం చేయండి. దారం పైకొస నుంచి రాయి మధ్యకు సరిగా 10 సెం.మీ. ఉండాలి. అది ఒకసారి ఊగి రావడానికి సుమారు 0.63 సెకన్లు పడుతుంది. 10 సెం.మీ. దిగిన స్ప్రింగు మీద బండి పైకీ కిందికీ ఒకసారి ఊగడానికీ అంతే కాలం పడుతుంది! స్ప్రింగు బరువు వల్ల ఎంత దిగిందో, అంత పొడవున్న లోలకంలా బండి ఊగుతుంది. ఈ ఊగుడును త్వరగా ఆపడమే షాక్ అబ్జార్బర్ పని. మామూలు షాక్ అబ్జార్బర్ బండి బరువును మోయదు. కాబట్టి షాక్ అబ్జార్బర్లు మార్చమన్న మొదటి సలహా కుంగుడుకు పనికిరాదు.

తిరిగి రాని వంపు

ఇక రెండో సుమో, అంటే ఖాళీగా ఉన్నా కుంగిన బండి. దాని సంగతి తెలియాలంటే ఒక ప్రయోగం చేయాలి.

కాస్త గట్టి ఇనుప తీగ ఒక మూర తీసుకోండి. ఒక కొసను బల్ల అంచున బరువైన పుస్తకాల కింద నొక్కి పెట్టండి. రెండో కొసకు కాగితపు కప్పు వేలాడదీయండి. వెనక గోడకు స్కేలు నిలబెట్టండి. కప్పులో ఒకే రకం నాణేలు ఒక్కొక్కటే వేస్తూ తీగ కొస ఎంత దిగిందో రాసుకోండి. నాణేలు తీసేస్తే తీగ మొదటి చోటికే వస్తుంది. దీన్ని స్థితిస్థాపకత అంటారు.

ఇప్పుడు తీగను చేత్తో బాగా కిందికి నొక్కి వదలండి. అది కొంత లేస్తుంది కాని మొదటి చోటికి రాదు. స్థితిస్థాపక అవధి దాటింది. ఉక్కులో కంటికి కనిపించని స్ఫటికాలుంటాయి. వాటిలోని అణువుల వరసలు ఒకదానిపై ఒకటి జారి కొత్త చోట స్థిరపడ్డాయి. అవి వాటంతటవి వెనక్కి రావు.

వంగిపోయిన ఆ తీగకు మళ్ళీ ఒక్కొక్క నాణెం వేసి కొలవండి. ఇప్పుడు ఒక్కో నాణేనికి ఎంత దిగుతోంది? దాదాపు మునుపటంతే! రెండు కొలతలనూ ఒకే గ్రాఫు కాగితం మీద గీయండి. రెండు సమాంతర రేఖలు వస్తాయి. తీగ మొదలయ్యే చోటు కిందికి జరిగింది, దాని బిగువు మాత్రం మారలేదు.

ఏళ్ళ తరబడి మితిమీరిన బరువులు మోసిన కమాన్‌కు ఇదే జరుగుతుంది. దాని వంపు పోతుంది. కాని "30 కిలోలకు 1 సెం.మీ." అన్న లెక్క అలాగే ఉంటుంది. కమాన్ "వీక్" అయిందని అందరూ అంటారు. నిజానికి అది వీక్ కాలేదు, చదునైంది.

కనబడని విరుగుడు

కుంగడానికి మూడో కారణం కూడా ఉంది. గుండుసూదిని ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదేపదే వంచితే విరుగుతుంది. లోహానికీ అలసట ఉంది. జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు 1850, 1860 దశకాల్లో రైలు ఇరుసుల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, ఒక్కసారికి ఏమీ చేయని బరువే లక్షల సార్లు పడితే ఉక్కును విరగ్గొట్టగలదని చూపించాడు.

కమాన్ రోడ్డు మీది ప్రతి గుంటకూ వంగుతుంది. తుప్పు తిన్న చిన్న గుంట దగ్గరో, మధ్య బోల్టు రంధ్రం దగ్గరో వెంట్రుకంత పగులు మొదలై, పెరిగి, ఒకనాడు పట్టీ విరుగుతుంది. మట్టీ గ్రీజూ కప్పేసి ఉంటే అది కంటికి కనబడదు. ఆరు పట్టీల్లో ఒకటి పోతే, ఉజ్జాయింపుగా, 30 కిలోలకు బదులు 25 కిలోలకే కమాన్ 1 సెం.మీ. దిగుతుంది. అంటే ఈసారి బిగువే మారింది. మన గ్రాఫులో రేఖ సమాంతరంగా ఉండదు, వాలు పెరుగుతుంది.

గుట్టు దొరికింది చూశారా? బండి ఎంత కిందికి ఉంది అన్నది ఒక ప్రశ్న. బరువు పెడితే ఇంకా ఎంత దిగుతుంది అన్నది వేరే ప్రశ్న. రెండూ అడిగితేనే జబ్బు తెలుస్తుంది.

కొలుద్దాం పట్టండి

బండిని చదును నేల మీద ఆపించండి. వెనక భాగాన్ని చేతులతో రెండు మూడుసార్లు ఊపి వదలండి. పట్టీల మధ్య రాపిడి వల్ల కమాన్ ఒక్కోసారి నడిమధ్యలో పట్టుకుని ఉంటుంది. ఊపితే సరైన చోటికి వస్తుంది. చక్రం మధ్య బిందువు నుంచి పైనున్న రేకు అంచు వరకు నిట్టనిలువుగా కొలవండి. నేల మీద నుంచి కొలిస్తే టైరులో గాలి ఎంత ఉందన్నది కూడా లెక్కలో కలిసిపోతుంది.

అదే రకం బండి, కమాన్లు బాగున్నది ఒకటి చూసి కొలిస్తే ఖాళీగా 50 సెం.మీ., నలుగురు ఎక్కితే 46 సెం.మీ. వచ్చిందనుకుందాం. ఇప్పుడు మామయ్య బండి:

కుడి పక్క: ఖాళీగా 45 సెం.మీ. నలుగురు ఎక్కాక 41 సెం.మీ.
ఎడమ పక్క: ఖాళీగా 43 సెం.మీ. నలుగురు ఎక్కాక 38.2 సెం.మీ.

కుడి పక్క 5 సెం.మీ. కిందికి ఉంది. కాని బరువుకు దిగింది 4 సెం.మీ.లే. అంటే వంపు పోయింది, పట్టీలు విరగలేదు. ఎడమ పక్క 7 సెం.మీ. కిందికి ఉంది. బరువుకు 4.8 సెం.మీ. దిగింది. వంపు పోవడమే కాదు, ఒక పట్టీ విరిగి ఉండాలి! లైటు వేసి పట్టీల అంచులు ఒక్కొక్కటే వెదకాలి. తుప్పురంగు గీత ఒకటి ఎక్కడో కనిపిస్తుంది.

కుంగితే ఏమవుతుంది?

ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. కమాన్ మరీ దిగితే ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా అది ఆపుతుంది. బాగున్న బండి ఖాళీగా ఉన్నప్పుడు ఆ దిమ్మ దగ్గర 12 సెం.మీ. ఖాళీ ఉందనుకోండి. మామయ్య బండి ఎడమ పక్క 7 సెం.మీ. కుంగుడు కిందే పోయింది. నలుగురు ఎక్కితే 4.8 పోయింది. మిగిలింది 2 మిల్లీమీటర్లు! చిన్న గుంట వచ్చినా దిమ్మ దబ్బున కొట్టుకుంటుంది. ఆ దెబ్బ ఇరుసుకూ ఛాసిస్‌కూ ప్రయాణికుల నడుముకూ తగులుతుంది.

రెండోది ఎదుటివాళ్ళ ప్రాణాల సంగతి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 240 సెం.మీ. అనుకుందాం. వెనక 5 సెం.మీ. దిగితే, హెడ్‌లైటు వెలుగు 48 మీటర్లకు 1 మీటరు చొప్పున పైకి లేస్తుంది. రోడ్డు మీద పడవలసిన వెలుగు ఎదురుగా స్కూటరు మీద వచ్చే మనిషి కళ్ళలో పడుతుంది. తెల్లవారుజామున, చీకట్లో, విజయవాడ రోడ్డు మీద!

ఎవరి మాట నిజం?

షాక్ అబ్జార్బర్ల సలహా ఇదివరకే తీసేశాం. ఒక పట్టీ ఎక్కువ వేయించమన్న మాట చూద్దాం. వంపు పోయిన ఆరు పట్టీల కమాన్‌కు అలాంటిదే ఏడోది చేర్చితే, 35 కిలోలకు 1 సెం.మీ. దిగుతుంది. 300 కిలోలకు 10 బదులు 8.6 సెం.మీ. అంటే బండి లేచేది 1.4 సెం.మీ. మాత్రమే. పోయింది 5 సెం.మీ.! వంపు ఎక్కువున్న పట్టీ వేస్తే ఇంకాస్త లేస్తుంది. కాని ముందుగా బరువు పడేది ఆ ఒక్క పట్టీ మీదే, అందుకే అది తొందరగా విరుగుతుంది. బిగువు పెరిగింది కాబట్టి ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. పొడవు షాకిళ్ళు వేసి ఎత్తు లేపడం కూడా పైపూతే. జబ్బు లోపలే ఉంటుంది.

మూడో సలహా, వంపు తీయించడం. ఇది సరైన మాటే, పద్ధతిగా చేస్తే. స్ప్రింగు ఉక్కులో నూటికి సుమారు అర పాలు కార్బన్, దానితోపాటు సిలికాన్, మాంగనీసు, క్రోమియం వంటివి ఉంటాయి. పట్టీని సుమారు 850 డిగ్రీలకు ఎర్రగా కాల్చి, వంపు తీసి, నూనెలో ముంచాలి. అప్పుడది గట్టిపడుతుంది కాని గాజులా పెళుసవుతుంది. మళ్ళీ 400 నుంచి 500 డిగ్రీల వరకు కాచి చల్లార్చితే పెళుసు పోయి సాగే గుణం వస్తుంది. కమ్మరి "పదును" అనేది దీన్నే. కాల్చి ఊరికే వదిలేస్తే ఉక్కు మెత్తబడి నెల తిరక్కుండా మళ్ళీ కుంగుతుంది. కాల్చకుండా సుత్తితో కొట్టి తీసిన వంపు కూడా చాలాసార్లు ఎక్కువ కాలం నిలవదు. విరిగిన పట్టీకి వెల్డింగు పెట్టడం మరీ తప్పు. ఆ వేడికి చుట్టుపక్కల పదును చెడి, అక్కడే మళ్ళీ విరుగుతుంది.

మామయ్య బండికి ఒక పక్క విరిగింది, రెండు పక్కలా వంపు పోయింది. కాబట్టి రెండు పక్కలా కొత్త కమాన్లు, జతగా వేయించాలి. బుష్‌లు, యూ బోల్టులు కూడా కొత్తవి వేయాలి. ఒక్క పక్కే మార్చితే బండి ఒరిగిపోతుంది.

ఈ పని ఇంట్లో చేసేది కాదు. ఖాళీ బండి కింద వంగి ఉన్న ఒక్కో కమాన్‌లో సుమారు 147 జౌళ్ళ శక్తి దాగి ఉంటుంది. 15 కిలోల రాయి మీటరు ఎత్తు నుంచి పడినప్పుడు ఉండే శక్తి అది. బోల్టు విప్పినప్పుడు ఆ శక్తి చేతి మీద పడవచ్చు. ఒక్క జాకీ ఆధారంగా నిలిపిన బండి కిందికి ఎవరూ, ఎప్పుడూ దూరకూడదు. కొలవడం మీ పని. విప్పడం మేస్త్రీ పని.

మరి ఎల్లుండి పెళ్ళి? ముహూర్తం ఆగదు, కాబట్టి బండి ఆగాలి. మామయ్య ఇంకో బండి మాట్లాడుకోక తప్పదు. డబ్బు ఖర్చే. "ఇంకో ట్రిప్పుకి ఏమవుతుంది?" అన్న నాలుగో ఆయనకు మీరిప్పుడు జవాబు చెప్పగలరు. ఎడమ పక్క 4 సెం.మీ. దిగవలసింది 4.8 దిగింది. ఆ 8 మిల్లీమీటర్ల తేడాయే జవాబు.

ఆలోచించండి

1. నలుగురు ఎక్కాక మంచి కమాన్ మొత్తం 14 సెం.మీ. దిగి ఉంటుంది. అప్పుడు బండి ఊగే కాలం పెరుగుతుందా, తగ్గుతుందా? 14 సెం.మీ. లోలకంతో సరిచూడండి.

2. ఆరు పట్టీలను వెల్డింగు చేసి ఒకే దిమ్మగా మార్చితే బిగువు ఎన్ని రెట్లవుతుంది? (మందం ఆరింతలైంది. విడివిడిగా ఉన్నప్పటి బిగువుతో పోల్చండి.)

3. చాదర్‌ఘాట్ దగ్గర ఆగిన లారీ వెనక చక్రాల దగ్గర చూడండి. చాలా లారీలకు పెద్ద కమాన్ మీద ఇంకొక చిన్న కమాన్ ఉంటుంది. లారీ ఖాళీగా ఉన్నప్పుడు దాని కొసలు దేనికీ తగలవు. సరుకు నింపితేనే తగులుతాయి. ఇలా ఎందుకు పెట్టారు? ఆ లారీ గ్రాఫు గీస్తే రేఖ ఎక్కడ మలుపు తిరుగుతుంది?